తూర్పూ కాదు, పడమరా కాదు, ఎడమ

కొత్తగా మా రంగంలోకి వచ్చిన పిల్లలు నన్ను చూడ్డానికి వస్తే మొదట అడిగే ప్రశ్న ఒకటే. "మేడం, ఆ అయస్కాంతం తల మీద పెడితే నొప్పి పుడుతుందా?" పెద్దగా పుట్టదు. ఎవరో నెత్తిమీద మొట్టికాయ వేసినట్టుంటుంది, ఒక్కోసారి దవడ అదురుతుంది, అంతే. రెండో ప్రశ్న, "దాంతో ఎన్ని పేపర్లు రాశారు?" దానికి జవాబు చెప్పను. టీ ఇస్తాను.

ఆ పని అసలు ఎట్లా ఉండేదో మాత్రం ఎవరూ అడగరు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు అడ్డుకున్నారు అన్నవి మీకు అక్కరలేదు. ఆ సోది చెప్పుకోవడానికి నాకు చెల్లెలు ఉంది.

పని ఇది. ఎనిమిది అంకె ఆకారంలో రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. దాన్ని తలకు ఆనించి, అందులోకి కన్ను మూసి తెరిచేలోపు బలమైన కరెంటు పంపిస్తారు. దాని వల్ల పుట్టిన అయస్కాంత శక్తి పుర్రె దాటి లోపలికి పోయి, మెదడులో ఆ కాస్త చోటును క్షణంలో కొద్ది భాగం తికమకపెడుతుంది. ఆ క్షణంలో మనిషి కళ్ళు ఎటు తిరిగాయి, ఎటు తిరగలేదు, ఏది చూశాడు, ఏది చూడలేదు అని మనం గమనిస్తాం. గడియారంలో ఒక పన్ను చక్రాన్ని వేలితో ఆపి, ఏ ముల్లు ఆగిందో చూసినట్టు. వెంటనే వేలు తీసేస్తాం. గడియారం మళ్ళీ నడుస్తుంది.

మదనపల్లె

యంత్రం కంటే ముందు నాకు జబ్బు తెలిసింది. తొంభైల మొదట్లో మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో కళ్ళ విభాగానికి పరీక్షలు చేసి పెట్టేదాన్ని. టమోటా మండీలో కాయలు ఏరే ఒకామెను మేస్త్రీ తీసుకొచ్చాడు. గుట్టలో కుడి పక్క కాయలన్నీ చక్కగా ఏరుతుందట, ఎడమ పక్కవి ముట్టుకోదట. "అమ్మా, ఈమెకు సగం గుట్టే కనపడతాండాది" అన్నాడు.

మా పెద్ద డాక్టరు మంచివాడు, హస్తవాసి ఉన్నవాడు. అద్దాలు రాశారు. పది రోజుల తర్వాత ఆమె అద్దాలు పెట్టుకుని వచ్చి, అద్దాలతో కూడా సగమే ఏరింది. ఆయన అద్దాలు మార్చారు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆమె కళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. ఎడమ పక్క వేలు ఒక్కటే ఆడిస్తే చూస్తుంది. రెండు పక్కలా రెండు వేళ్ళు ఒకేసారి ఆడిస్తే మాత్రం కుడిదే చూస్తుంది. ఎడమది లేదంటుంది. అడిగితే మనల్నే వింతగా చూస్తుంది.

మెదడులో కుడి పక్క, చెవికి పైన కాస్త వెనక, చిన్న రక్తనాళం మూసుకుపోయినప్పుడు ఇట్లా అవుతుంది. చూపు పోదు. చూపును ఆ పక్కకు పంపేది పోతుంది. పుస్తకాల్లో దాన్ని అవధానం అని రాస్తారు. మా వైపు ధ్యాస అంటారు, అదే మంచి మాట. కళ్ళ డాక్టరు ధ్యాసకు అద్దాలు రాయలేడు. ఆ పెద్దాయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, తన పనిముట్టుతో కొలవలేనిది లేనే లేదనుకోవడం చదువుకున్నవాళ్ళకు వచ్చే జబ్బు, దాన్ని ముందు మనలో వెతుక్కోవాలి.

పుంగనూరు

తర్వాత కొన్నేళ్ళు కంటి శిబిరాలకు తిరిగాను. పుంగనూరులో, సదుంలో బడి వరండాల్లో కుర్చీలు వేసి పరీక్షలు చేసేవాళ్ళం. అక్కడ నేర్చుకున్నది ఒకటుంది, అది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. "వేలు ఎడమ పక్క కదిలిందా, కుడి పక్కా?" అని అడిగితే సేద్యగాళ్ళు ఆగిపోయేవాళ్ళు. అన్నం తినే చెయ్యి ఏదో గుర్తు తెచ్చుకుని, తడుముకుని, ఏదో ఒకటి అనేవాళ్ళు. వాళ్ళ మాటల్లో ఎడమా కుడీ చేతులకే గానీ చోటుకు ఉండవు. మంచం పడమటికి జరపమంటారు. అన్నంలో తూర్పు పక్క ఈగ వాలిందంటారు. ఒక ముసలామె నన్ను కసిరింది కూడా. "ఎడమేందమ్మా ఎడమ? తూరుపా, పడమరా? సక్కగా అడుగు."

చక్కగా అడగడం మొదలుపెట్టాను. జవాబులు టకటకా వచ్చాయి.

కుప్పం

రెండు వేల తర్వాత కుప్పం వైపు ఒక వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం చెప్పడానికి చేరాను. సోమశేఖర్ గారని మా విభాగాధిపతి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఎవరి కాళ్ళు పట్టుకున్నారో, ఎవరి గడ్డం పట్టుకున్నారో గానీ ఆ యంత్రాన్ని తెప్పించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కుడి మెదడును క్షణం తికమకపెడితే, ఆ టమోటా మండీ ఆమెకు శాశ్వతంగా వచ్చిన లోపం వీళ్ళకు క్షణం వస్తుందా అని చూడటం మా పని. తెర మీద చుక్క వైపు చూస్తూ కూర్చోవాలి. ఎడమనో, కుడినో, రెండు పక్కలానో చిన్న దీపం తళుక్కుమంటుంది. అదే సమయంలో తల మీద టక్‌మంటుంది. ఏ దీపం వెలిగిందో చెప్పాలి. కళ్ళ పక్కన అంటించిన తీగల లోహపు బిళ్ళలు చూపు ఎటు పోయిందో కాగితం మీద గీతలు గీయిస్తాయి.

చెప్పినంత తేలిక కాదు. కరెంటు ఉంటే స్టెబిలైజరు ఉండదు, స్టెబిలైజరు ఉంటే కరెంటు ఉండదు. ఆముదం రాసుకున్న చర్మం మీద బిళ్ళలు జారిపోయేవి. ఆడవాళ్ళ జడల మీద మెదడు చోటు కొలవడానికి చాలాసేపు పట్టేది. తిరుమలకు పోయి గుండు చేయించుకుని వచ్చినవాడు దొరికితే మాకు పండగే, నున్నటి తల మీద పెన్నుతో గుర్తు పెట్టుకుంటే చాలు. గుండు కనపడితే సోమశేఖర్ గారు కారు ఆపి మరీ పిలుచుకొచ్చేవారు.

అన్నిటికంటే పెద్ద తిప్పలు ఇది. మా కుర్చీ మొదట ఉత్తరం వైపు తిరిగి ఉండేది. జనం పడమర అంటే ఎడమ, తూర్పు అంటే కుడి అని రాసుకునేవాళ్ళం. చలికాలంలో దక్షిణపు కిటికీ ఎండ తెర మీద పడుతోందని కుర్చీని, తెరను తిప్పేశారు. మనిషి ఇప్పుడు దక్షిణం చూస్తున్నాడు. పడమర అంటే మాత్రం ఎడమ అనే రాసుకుంటూ పోయాం. నెల తిరిగేసరికి ఫలితాలు తలకిందులయ్యాయి. కుడి మెదడును తడితే కుడి దీపం మాయమవుతోంది! లోకంలో ఎవరికీ రాని ఫలితం. సోమశేఖర్ గారు ఎగిరి గంతేశారు. మెట్ట సేద్యగాళ్ళ మెదళ్ళే వేరని, దీంతో మన పేరు మోగిపోతుందని అన్నారు. వ్యాసం మొదలుపెట్టేశారు.

నాకు ఆ సంతోషం నమ్మబుద్ధి కాలేదు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "సార్, తూర్పు ఏ పక్క?" అని అడిగాను. ఆయన చెయ్యి ఎత్తారు. ఎడమ చెయ్యి. కాసేపు దాన్ని అట్లాగే పట్టుకుని చూశారు. మూడో రోజు వ్యాసాన్ని చింపేసి పని మళ్ళీ మొదలుపెట్టారు. గర్వం ఉన్న మనిషి గానీ మోసం లేని మనిషి. అటువంటి పైఅధికారి దొరికితే ఎన్ని తిట్లయినా పడండి.

మునిరత్నం

ఇక అసలు సంగతి. శాంతిపురం దగ్గర నుంచి ముగ్గురు వచ్చారు. మునిరత్నం, లారీ డ్రైవరు, నలభై దాటినవాడు. అతని పెళ్ళాం మంగమ్మ. అన్న నాగరాజప్ప. లారీ ఆ అన్నదే. క్వారీ నుంచి గ్రానైటు రాళ్ళు వేసుకుని పుంగనూరు మీదుగా మదనపల్లె దాకా, అవతలకి కూడా తమ్ముడు తోలేవాడు. కొన్నాళ్ళ కిందట మునిరత్నానికి చిన్న పక్షవాతం వచ్చింది. చెయ్యి, కాలు తిరిగి బాగైపోయాయి. నడుస్తాడు, నవ్వుతాడు, బరువులెత్తుతాడు. కళ్ళ డాక్టరు చూపు బ్రహ్మాండంగా ఉందని రాసిచ్చాడు. బండి తోలవచ్చని డాక్టరు చీటీ తెస్తేనే లోడు వేస్తామని క్వారీ వాళ్ళన్నారట. ఆ చీటీ కోసం వస్తే మా కళాశాల ఆసుపత్రి వాళ్ళు పరీక్షకు నా దగ్గరికి పంపారు.

నాగరాజప్ప చెడ్డవాడు కాదు. తండ్రి పోయాక తమ్ముణ్ణి భుజాన వేసుకుని పెంచినవాడు, స్టీరింగు పట్టుకోవడం నేర్పినవాడు. "బండి లేకపోతే వాడు మనిషి గాడమ్మా. ఇంట్లో కూసోని కుళ్ళిపోతాండాడు. ఒక్క చీటీ రాసియ్యి, నీకు పుణ్యముంటాది" అన్నాడు.

మంగమ్మ వెనక నుంచి మెల్లగా అంది. "ఆయన పళ్ళెంలో సగం వదిలేస్తాండాడమ్మా. పళ్ళెం తిప్పి పెడితే ఆ సగం తింటాడు. నేను ఆయన ఎడం చేతి పక్క నిలబడి పిలిస్తే పలకడు."

"నీ వంట అట్లుండాది, అందుకే వదిలేస్తాండాడు" అన్నాడు నాగరాజప్ప. మునిరత్నం నవ్వాడు. మంగమ్మ నవ్వలేదు.

బయటి గదిలో ఉత్తరం వైపు కూర్చోబెట్టి రెండు వేళ్ళూ ఒకేసారి ఆడించాను. "తూర్పు" అన్నాడు. పదే పదే తూర్పే. పడమటి వేలు లేదు. వారం తర్వాత లోపల, దక్షిణం చూసే కుర్చీలో దీపాలతో పరీక్ష చేశాను. ఇప్పుడు పదే పదే పడమరే అన్నాడు. తూర్పు దీపం లేదు. నాకు ఇంకేమీ అక్కరలేదు, ఎటు తిరిగితే అటు అతని ఎడమ పక్క లోకం మాయమవుతోంది. మన రోడ్డు మీద లారీకి ఎడమ పక్కనే గదా జనం నడిచేది. బడి పిల్లలు, సైకిళ్ళు, గడ్డి మోపులెత్తుకున్న ఆడవాళ్ళు, అందరూ ఆ పక్కే.

చీటీ ఇవ్వనన్నాను. నాగరాజప్పకు కోపం నషాళానికి అంటింది.

"ఏమ్మా, పోయిన వారం వానికి పడమర కనపళ్ళేదంటిరి. ఈ పొద్దు తూరుపు కనపళ్ళేదంటారు. నిజంగా రోగమైతే ఒగ పక్కే గదా పోవల్ల? వారానికొగ దిక్కు పోతాదా? పిచ్చి పట్టింది మీ మిషనుకమ్మా, మా తమ్మునికి గాదు!"

మా ఫలితాల్ని తలకిందులు చేసిన ఆ దిక్కులే ఇప్పుడు నా మీదికి వచ్చాయి. దిక్కు మనిషితో పాటు తిరగదప్పా, ఎడమ తిరుగుతుంది అని చెప్పాను. కుర్చీ తిప్పి చూపించాను. ఆయన వినలేదు. "ఇంగొగ డాక్టరు లేడా ఏంది ఈ లోకంలో" అంటూ లేచాడు. ఉంటాడు. చెయ్యీ కాలూ చూసి సంతకం చేసేవాడు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. రేపో మాపో ఆ బండి రోడ్డెక్కుతుంది.

మంగమ్మ గుమ్మం దగ్గర ఆగి, "మా బావ మీరు సెప్తే ఇనడు, నేను సెప్తే ఇనడు. ఆయనకే కనపడకుండా పోతే తెలుస్తాది" అంది. శాపనార్థం పెట్టినట్టుగానే అంది, పాపం. అది నా చెవిలో పడిపోయింది.

మన యంత్రంతో నాగరాజప్పకే అది చూపిద్దామని సోమశేఖర్ గారికి చెబితే మండిపడ్డారు. "ఇది జాతరలో తమాషా చూపించే పెట్టె కాదు. ఎవరి నోరో మూయించడానికి మనిషి మెదడు మీద చెయ్యి వెయ్యడానికి మనమెవరం?" ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు సరైనది. "మూయించడానికి కాదు సార్, ఆయన్నే అడుగుదాం. ఏం చేస్తామో, ఎందుకు చేస్తామో దాచకుండా చెబుదాం. వద్దంటే వద్దు" అన్నాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి "చుట్ట నేనే పట్టుకుంటాను. ఇంకెవరూ ముట్టుకోవద్దు" అన్నారు.

నాగరాజప్పకు కబురు పంపాను. ముగ్గురూ వచ్చారు. దాచకుండా చెప్పాను. "అన్నా, మీ తమ్మునికి జరిగింది మీకు క్షణంసేపు జరిగేట్టు చేసే యంత్రమిది. ఇష్టమైతేనే కూర్చోండి. మధ్యలో వద్దంటే ఆపేస్తాం. కూర్చోకపోయినా చీటీ సంగతిలో నా మాట మారదు." మూర్ఛలున్నాయా, తలలో ఇనుప ముక్కలేమైనా ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, అన్నీ అడిగాం. ఏమీ లేవు. చెవి పోగులు తీసి మంగమ్మ చేతిలో పెట్టాడు. ఆయనకు ధైర్యం కంటే పంతం ఎక్కువ. "పెట్టండప్పా. నాకు ఎట్ల కనపడదో సూస్తా" అన్నాడు.

దక్షిణం చూస్తూ కూర్చున్నాడు. మంగమ్మను ఆయన వెనకాల, తెర పూర్తిగా కనపడేట్టు కూర్చోబెట్టాను. మునిరత్నం పక్క బెంచీ మీద. మొదట అయస్కాంతం లేకుండా చేశాం. తూర్పు, పడమర, రెండూ, ఒక్కటీ తప్పలేదు. నాగరాజప్ప మీసం దువ్వుకున్నాడు. తర్వాత సోమశేఖర్ గారు చుట్టను తల కుడి పక్క, వెనగ్గా ఆనించారు. టక్.

"పడమర" అన్నాడు.

నిజానికి వెలిగినవి రెండు దీపాలు. టక్. "రెండూ." టక్. "పడమర." టక్. "పడమరే." ప్రతిసారీ పోదు, ఎవరికీ పోదు. ఉత్త చప్పుడు మాత్రమే చేసి అయస్కాంత శక్తి తలలోకి పోకుండా చుట్టను తిప్పి పట్టుకున్నప్పుడు రెండూ సరిగ్గా చెప్పాడు. మళ్ళీ ఆనిస్తే మళ్ళీ పడమర. ఆయనలో తడబాటు లేదు, అనుమానం లేదు. చూసింది చూసినట్టు చెప్పేవాడి గొంతు అది.

చాలనుకుని ఆపాం. "సూస్తిరి గదా. అన్నీ సరిగ్గా సెప్తిని" అన్నాడు లేవబోతూ.

"కొన్నిసార్లు తూర్పు దీపం కూడా వెలిగిందన్నా" అన్నాను.

"లేదమ్మా. యెలిగుంటే సెప్పనా? నా కండ్లతో నేను సూస్తి గదా. తూరుపు పక్క సీకటి గూడా లేదు, ఏమీ లేదు. మీరే యెలిగించలేదు."

"రెండూ యెలిగినాయి బావా" అంది మంగమ్మ.

ఆయన గిర్రున వెనక్కి తిరిగాడు. "ఏమ్మే?"

"రెండూ యెలిగినాయి. నేను సూస్తానే ఉండా. నువ్వు పడమర అన్నప్పుడల్లా తూరుపుది గూడా యెలిగింది. దేవుని మీద ఒట్టు బావా." ఆమె ఇంకో మాట కూడా అంది. "పళ్ళెంలో సంగటి గూడా అట్లే ఉండాది బావా. నేను పెట్టినా. నిజంగానే పెట్టినా."

నాగరాజప్ప తెర వైపు చూశాడు. నన్ను చూశాడు, సోమశేఖర్ గారిని చూశాడు. మేము మోసం చేశామని అనాలని ఆయనకు ఎంతగా ఉందో ముఖంలో కనపడింది. మమ్మల్ని అనగలడు, మేము పరాయివాళ్ళం. మంగమ్మ ఆ ఇంటి కోడలై ఎన్నో ఏళ్ళు. ఆమె అబద్ధం చెప్పదని ఆయనకు తెలుసు. తెలిసే ఇన్నాళ్ళూ ఆమె వంటను తిట్టాడు.

ఆయన మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. "నాకేమీ తేడా తెలియలేదే" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. "ఏమీ తెలియలేదే. ఇట్లనా వీడుండేది, పొద్దస్తమానం?"

"అవునన్నా."

తమ్ముడి వైపు తిరిగాడు. "రత్నా, ఇంగ బండి వద్దురా."

మునిరత్నం ముఖంలో నవ్వు చచ్చిపోయింది. అందరికంటే ఎక్కువ నమ్మిన మనిషి కూడా అవతలి గట్టుకు పోయాడని అతనికి అప్పుడే అర్థమైంది. అతనికి మాత్రం ఇప్పటికీ ఏమీ తగ్గినట్టు లేదు. లోకం నిండుగానే ఉంది. అతను అన్న వైపు కాకుండా నా వైపు చూశాడు.

"నా కండ్లు బాగుండాయని మీ డాక్టర్లే రాసిచ్చిరి. నా మాట ఇనేది మా అన్న ఒగడు ఉండె. ఆయన కండ్లు గూడా సెడగొట్టితివి గదమ్మా."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. ఒకరి బతుకుతెరువు తీసేసి వెయ్యిమంది నడిచే రోడ్డును కాపాడానని సర్దిచెప్పుకోవచ్చు, ఎన్నోసార్లు చెప్పుకున్నాను కూడా. ఆ రోజు నా ముందున్నది వెయ్యిమంది కాదు, అతనొక్కడే. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదొక్కటే. లోపం ఉన్నవాడికి లోపం కనపడదు, వాడు మొండివాడూ కాదు, అబద్ధాలకోరూ కాదు. మీరు వాణ్ణి గెలవాలని చూడకండి. వాడి పక్కనున్నవాళ్ళకు తెలియజేయండి.

వాళ్ళు వెళుతుంటే కిటికీలోంచి చూశాను. ముందు మునిరత్నం, విసవిసా, ఎవరికోసమూ ఆగకుండా. వెనక అన్నా, మంగమ్మా. కళాశాల గేటు దాటితే బస్సులు తిరిగే రోడ్డు. మునిరత్నం రోడ్డు మీదికి అడుగు పెట్టబోతుంటే నాగరాజప్ప పంచె ఎగగట్టి పరిగెత్తాడు. దగ్గరగా ఉన్న కుడి పక్కకు పోలేదు. చుట్టూ తిరిగి తమ్ముడి ఎడమ పక్కకు పోయి, ఆ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. మునిరత్నం అటు తిరిగి చూడలేదు. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.